దుబాయ్ బడి ఇచ్చిన గ్రాట్యుటీకి బెంగళూరులో పన్ను కట్టాలా?

సర్జాపుర లెక్కల టీచరు:

అందరికీ నమస్కారం. నేను 2021 మార్చి 28న దుబాయ్ చేరి, ఏప్రిల్ 1 నుంచి అక్కడ మన సిలబస్‌తో నడిచే ఒక బడిలో నాలుగేళ్ళపాటు పై తరగతులకు లెక్కలు చెప్పాను. అక్కడి మన బళ్ళకు విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది కాబట్టి, నా ఉద్యోగ ఒప్పందం కూడా 2025 మార్చి 31తోనే ముగిసింది. ఏప్రిల్ 11న ఆఖరి సెటిల్మెంటు డబ్బు అక్కడి నా బ్యాంకు ఖాతాలో పడింది. 14వ తేదీన బెంగళూరు వచ్చేశాను. జూన్ నుంచి ఇక్కడే ఒక బడిలో నెలకు 52,000 రూపాయల జీతానికి పనిచేస్తున్నాను.

సెటిల్మెంటు కాగితంలో రెండే పద్దులున్నాయి. మార్చి జీతం 6,500 దిర్హములు, గ్రాట్యుటీ 11,200 దిర్హములు. నా మూల వేతనం 4,000 దిర్హములు. ఏడాదికి 21 రోజుల చొప్పున నాలుగేళ్ళకు లెక్క కట్టారు. అక్కడ వ్యక్తుల జీతాల మీద పన్ను లేదు కనుక పైసా కోత లేకుండా వచ్చింది.

ఇక్కడ నేను కలిసిన ఆడిటరు గారు, "ఈ ఏడాది మీరు ఇక్కడి నివాసి, కాబట్టి ప్రపంచంలో ఎక్కడ వచ్చిన డబ్బయినా చూపించి పన్ను కట్టాలి" అన్నారు. మా వారి స్నేహితుడు మాత్రం, విదేశంలో చేసిన పనికి ఇక్కడ పన్ను అడిగే హక్కే లేదంటున్నారు. ఇద్దరూ అంత ధీమాగా చెప్పడం వల్లే నాకు భయంగా ఉంది. ఇలాంటిది ఎదుర్కొన్నవారు దయచేసి చెప్పగలరు.

హూడీ నివాసి:

మేడమ్, మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు. గ్రాట్యుటీకి పన్ను లేదు. దాని పరిమితి ఇప్పుడు 25 లక్షలు చేశారు. పైగా ఉద్యోగం ముగిసినందుకు ఇచ్చే పరిహారం 5 లక్షల వరకు మినహాయింపే. మీకు వచ్చిన గ్రాట్యుటీ అంత కూడా లేదు.

మల్లేశ్వరం పద్దుల మనిషి:

హూడీ వారు చెప్పిన రెండు అంకెలూ ఉన్నవే, కానీ రెండూ ఈ మేడమ్‌కు వర్తించవు. 25 లక్షలన్నది 2024 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వోద్యోగుల గ్రాట్యుటీకి పెట్టిన గరిష్ఠ పరిమితి. ప్రైవేటు ఉద్యోగికి పన్ను మినహాయింపు పరిమితి 20 లక్షల దగ్గరే ఉంది, అదీ ఒక సూత్రం ప్రకారం లెక్క కట్టాకే. ఇక 5 లక్షల పరిహారపు మినహాయింపు సెక్షన్ 10(10బి) కిందిది. అది పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో "వర్క్‌మన్" (కార్మికుడు) అయినవారికే దొరుకుతుంది. ఉపాధ్యాయులు ఆ నిర్వచనంలోకి రారని సుందరంబాళ్ కేసులో సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. ఆ కేసు వేసినావిడ గోవాలో ఒక బడి పంతులమ్మ అన్నది యాదృచ్ఛికమే అనుకోండి.

అసలు ప్రశ్నకు వస్తాను. మినహాయింపు ఎంత అన్నది రెండో మెట్టు. ఈ డబ్బు మన పన్ను పరిధిలోకి వస్తుందా రాదా అన్నది మొదటి మెట్టు. దాన్ని తేల్చేది దేశం కాదు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ కాదు. మీకు ఆ డబ్బు మీద హక్కు ఏ రోజున పుట్టిందో, ఆ రోజు పడే ఆర్థిక సంవత్సరంలో మీ నివాస హోదా ఏమిటో, ముందుగా ఆ రెండూ చూడాలి. (నేను చెప్పే సెక్షన్లన్నీ 1961 చట్టానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చి అంకెలు మారినా, 2025-26 ఆదాయానికి పాతదే వర్తిస్తుంది.)

నివాస హోదా సంగతి ముందు. 2025-26లో మీరు ఏప్రిల్ 14 నుంచి ఇక్కడే ఉన్నారు కాబట్టి 182 రోజులు ఎప్పుడో దాటాయి. నివాసి అన్నది ఖాయం. నివాసుల్లో మళ్ళీ రెండు రకాలు. గత పది సంవత్సరాల్లో తొమ్మిదింటిలో ప్రవాసిగా ఉన్నవారు, లేదా గత ఏడు సంవత్సరాల్లో ఇక్కడ మొత్తం 729 రోజులకు మించి ఉండనివారు "సాధారణ నివాసి కాని నివాసి" అవుతారు. వారికి విదేశంలో పుట్టి విదేశంలోనే చేతికందిన జీతం మీద ఇక్కడ పన్ను పడదు. మీరు సెలవులకు ఎన్ని రోజులు వచ్చేవారో చెప్పండి.

సర్జాపుర లెక్కల టీచరు:

జూలై, ఆగస్టు సెలవుల్లో ఏటా సుమారు 45 రోజులు వచ్చేదాన్ని. పాస్‌పోర్టు ముద్రలు చూసి కూడితే నాలుగేళ్ళకు 178 రోజులు వచ్చాయి. 2021కి ముందు విదేశానికి వెళ్ళిందే లేదు.

మల్లేశ్వరం పద్దుల మనిషి:

అయితే మీకు ఆ వెసులుబాటు లేదు. గత ఏడేళ్ళలో మొదటి మూడేళ్ళు, అంటే 2018-19, 2019-20, 2020-21, మీరు దాదాపు పూర్తిగా ఇక్కడే ఉన్నారు. అవే 1,090 రోజులు దాటాయి. కాబట్టి 2025-26లో మీరు సాధారణ నివాసి. మీ ఆడిటరు గారు అంతవరకు సరిగ్గానే చెప్పారు.

ఇక్కడ మామూలుగా ఎవరూ గమనించని ఒక లెక్క ఉంది, టీచరమ్మ కాబట్టి మీకు నచ్చుతుంది. ఏడేళ్ళలో రెండేళ్ళు పూర్తిగా ఇక్కడ ఉంటేనే 730 అవుతుంది, అంటే ఒక్క రోజు తేడాతో పరిమితి దాటిపోతుంది. అందుకే అయిదేళ్ళు పనిచేసి వచ్చినవారికి ఈ వెసులుబాటు సాధారణంగా దొరకదు. ఆరేళ్ళు చేసి, ఏటా 45 రోజుల సెలవుకు వచ్చినవారికి 365, దానిమీద 270 కలిపి 635 అవుతుంది, వారికి దొరుకుతుంది. ఆరో ఏడు పూర్తి చేసి రావడానికీ, అయిదో ఏడు ముగియగానే రావడానికీ అంత తేడా.

ఇప్పుడు తేదీ సంగతి. సెక్షన్ 5 ప్రకారం సాధారణ నివాసికి విదేశంలో "ఆ సంవత్సరంలో" పుట్టిన ఆదాయం మీదే పన్ను. మీ సర్వీసు మార్చి 31న ముగిసింది. గ్రాట్యుటీ హక్కు ఆ రోజే పుట్టింది. ఆ రోజు 2024-25లో ఉంది. ఆ ఏడాది మీరు ప్రవాసి. ఏప్రిల్ 11న చేతికందినది అప్పటికే మీకు చెందిన బాకీ మాత్రమే, అదీ దుబాయ్ ఖాతాలో పడింది. కాబట్టి నా అభిప్రాయంలో ఆ 11,200 దిర్హములూ, మార్చి జీతమూ మన పన్ను పరిధిలోకే రావు.

రాజాజీనగర ఆడిటరు:

మల్లేశ్వరం వారి వాదన చాలావరకు ఒప్పుకుంటాను కానీ, అంత సులువుగా తేల్చేయడం మంచిది కాదనిపిస్తోంది. రెండు అభ్యంతరాలు చెబుతాను.

మొదటిది, యూఏఈలో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం, ఒప్పందం ముగిసిన 14 రోజుల్లోగా యజమాని బాకీలన్నీ చెల్లించాలంటుంది. 14 రోజులు గడువుంటే, అది మార్చి 31నే "చెల్లవలసి" వచ్చిందని ఎలా అంటాం? ఈ ఫోరంలో ప్రభుత్వ ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు, వారికి బాగా తెలిసిన ఉదాహరణే చెబుతాను. ప్రభుత్వ టీచర్ల పన్ను లెక్క ఎప్పుడూ మార్చి నుంచి ఫిబ్రవరి వరకే ఎందుకు వేస్తారు? మార్చి నెలంతా పాఠం చెప్పినా, ఆ జీతం నిబంధనల ప్రకారం ఏప్రిల్ మొదటి పనిదినాన చెల్లవలసి వస్తుంది కాబట్టే అది తరువాతి సంవత్సరపు ఆదాయం అవుతుంది. పని చేసిన నెల ఒకటి, డబ్బు చెల్లవలసి వచ్చే రోజు మరొకటి.

రెండోది, సెక్షన్ 15లో మూడు ఖండాలున్నాయి. చెల్లవలసిన జీతం, ముందుగా ఇచ్చిన జీతం, గతంలో పన్ను పడని బకాయి ఈ ఏడాది చేతికందితే అది. అధికారి ఆ మూడోదాన్ని పట్టుకుని, "మార్చి 31న హక్కు పుట్టిందనే అనుకుందాం, అప్పుడు పన్ను పడలేదు కదా, ఏప్రిల్‌లో బకాయిగా అందింది కాబట్టి ఇప్పుడు వేస్తాను" అనవచ్చు. ఆయన ముందుగా చూసేది బ్యాంకు స్టేట్‌మెంటులోని తేదీనే.

మల్లేశ్వరం పద్దుల మనిషి:

మంచి అభ్యంతరాలు. రెండోదానికి ముందు జవాబిస్తాను. సెక్షన్ 15 జీతాన్ని ఏ ఏడాదిలో లెక్కించాలో చెబుతుంది. అసలు ఎవరి ఏ ఆదాయం పన్ను పరిధిలోకి వస్తుందో చెప్పేది సెక్షన్ 5. పరిధి బయట పుట్టిన ఆదాయాన్ని బకాయి అనే పేరుతో సెక్షన్ 15 లోపలికి లాక్కురాలేదు. "గతంలో పన్ను పడని బకాయి" అన్నప్పుడు, పడవలసి ఉండీ పడనిదని చదవాలే తప్ప, పడే అవకాశమే లేనిదని కాదు. దీన్ని అధికారి ఒప్పుకోకపోవచ్చని మీరన్నది నిజమే.

మొదటి అభ్యంతరానికి, 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన ససూన్ తీర్పు చూడండి. అందుకునే హక్కు ఏర్పడినప్పుడే ఆదాయం పుట్టినట్లు. చేతికందడం తరువాత జరిగినా ఫరవాలేదని దాని సారం. 14 రోజుల గడువు యజమానికి చెల్లించడానికి ఇచ్చిన సమయం. హక్కు పుట్టడానికి పెట్టిన షరతు కాదు. ఏప్రిల్ 1న ఆ బడి మూతపడినా మేడమ్ 11,200 దిర్హములు అడగగలిగేవారే కదా.

అయితే ప్రభుత్వ టీచర్ల ఉదాహరణ నన్ను ఆలోచింపజేసింది. చెల్లవలసిన రోజు ఏదన్నది ఒప్పందమే చెప్పాలి. మేడమ్, మీ ఒప్పందంలో గ్రాట్యుటీ గురించిన పేరా ఒక్కటి అక్షరం పొల్లుపోకుండా చదివి, భావం ఇక్కడ రాయగలరా?

హొరమావు మస్కట్ మాస్టారు:

ఆ లోపల నా అనుభవం ఒకటి చెబుతాను, ఇలాంటివారికి ఉపయోగపడవచ్చు. నేను మస్కట్‌లో పన్నెండేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి 2024 మేలో తిరిగి వచ్చాను. ఒమన్‌లో 2023లో వచ్చిన కొత్త కార్మిక చట్టం ఏడాదికి ఒక నెల మూల వేతనం చొప్పున గ్రాట్యుటీ ఇవ్వమంటుంది. పాత చట్టం కింద గడిచిన ఏళ్ళూ, కొత్తవీ కలిపి నాకు దాదాపు 7,000 రియాళ్ళు వచ్చాయి. రూపాయల్లో పదిహేను లక్షలకు పైమాటే.

నేను పదేళ్ళూ ప్రవాసినే కాబట్టి, మల్లేశ్వరం వారు చెప్పిన "సాధారణ నివాసి కాని" హోదా నాకు 2024-25కూ, 2025-26కూ వస్తుంది. పన్ను లేదు. కానీ నా రిటర్ను వేసిన ఆయన ఆ గడి చూడకుండా సాధారణ నివాసి అని నింపేశారు. మరుసటి ఏడాది వివరణ అడుగుతూ నోటీసు వచ్చేసరికి నాకు నిద్ర పట్టలేదు. పాస్‌పోర్టులోని ప్రతి పేజీ స్కాన్ చేసి, పన్నెండేళ్ళ రాకపోకల పట్టిక వేసి పంపితే గానీ వదల్లేదు. విచిత్రమేమిటంటే, దేశం మొత్తం రిటర్నులు చూసే కేంద్రం మన బెంగళూరులోనే ఉంది. అయినా వెళ్ళి అడుగుదామంటే కిటికీ ఉండదు, అంతా ఆన్‌లైన్‌లోనే. మా ఇంటి నుంచి గంట దూరంలో ఉన్నవారికి జవాబు పంపడానికి నేను రాత్రి ఒంటిగంట దాకా పోర్టల్‌తో కుస్తీ పట్టాను.

ఇంకొక మాట. నా బడి అకౌంట్స్ వారు, మస్కట్ ఖాతా మూసేస్తున్నారు కదా, డబ్బు నేరుగా బెంగళూరు ఖాతాకే పంపమంటారా అని అడిగారు. నేను వద్దన్నాను. ఎందుకో సరిగ్గా చెప్పగలవారు చెప్పండి.

రాజాజీనగర ఆడిటరు:

మీరు వద్దన్నది బతికించింది, మాస్టారూ. ప్రవాసికైనా, సాధారణ నివాసి కానివారికైనా, డబ్బు మొదటిసారి ఇండియాలో చేతికందితే అది ఇక్కడ అందుకున్న ఆదాయమవుతుంది, ఎక్కడ పని చేశారన్నదానితో నిమిత్తం లేకుండా పన్ను పడే ప్రమాదం ఉంటుంది. ముందు అక్కడి ఖాతాలో పడి, ఆ తరువాత మీరు మీ డబ్బుగా ఇక్కడికి పంపుకుంటే అది కేవలం తరలింపు. ఓడల్లో పనిచేసేవారికి ఈ బాధ తప్పించడానికి కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 ఏప్రిల్‌లో ఒక సర్క్యులర్ ఇచ్చింది. వారి జీతం ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (ప్రవాసులు ఇండియా బ్యాంకులో తెరిచే రూపాయల ఖాతా) నేరుగా పడినా ఆ ఒక్క కారణంతో పన్ను వేయరాదంది. టీచర్ల పేరు అందులో లేదు.

హూడీ నివాసి:

దుబాయ్‌లోనూ, మస్కట్‌లోనూ పన్నే లేదు కదా. ఏ దేశంలోనూ పన్ను కట్టనివారిని ఇండియా నివాసిగానే భావిస్తుందని ఒక చోట చదివాను. మరి ఈ లెక్కలన్నీ ఎందుకు?

మల్లేశ్వరం పద్దుల మనిషి:

2020 నుంచి వచ్చిన ఆ నిబంధన, విదేశీ ఆదాయం కాకుండా ఇక్కడి ఆదాయమే 15 లక్షలు దాటిన భారత పౌరులకు మాత్రమే. మామూలు టీచర్లకు అది తగలదు. తగిలినా వారు సాధారణ నివాసి కానివారే అవుతారు. ఒమన్‌లో మాత్రం 42,000 రియాళ్ళు దాటిన వ్యక్తిగత ఆదాయం మీద 2028 జనవరి నుంచి 5 శాతం పన్ను రాబోతోంది. అంత జీతం తెచ్చుకునే టీచరును నేను ఇంకా చూడలేదు.

యలహంక అధ్యాపకుడు:

గల్ఫ్ వారికి అక్కడ పన్ను లేకపోవడమే ఇక్కడ సమస్య. నాకు తిరగబడింది. దక్షిణ కొరియాలో ఒక విశ్వవిద్యాలయంలో మూడేళ్ళు ఒప్పందం మీద కంప్యూటర్ సైన్సు చెప్పాను. అక్కడ ఏడాది నిండిన ఉద్యోగికి, సర్వీసులో ప్రతి సంవత్సరానికి కనీసం 30 రోజుల సగటు వేతనం చొప్పున విరమణ చెల్లింపు ఇవ్వాలి. దాన్ని జీతంతో కలపకుండా విడిగా విరమణ ఆదాయంగా లెక్కించి, సర్వీసు ఏళ్ళను బట్టి తగ్గింపులిచ్చి, మిగిలినదాని మీద పన్ను పట్టుకున్నారు. ఆగస్టులో వచ్చాను కాబట్టి ఇక్కడ సాధారణ నివాసినయ్యాను. అక్కడ పట్టుకున్న పన్నును ఇక్కడ తగ్గించుకోవడం ఎలా?

రాజాజీనగర ఆడిటరు:

కొరియాతో మనకు ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం ఉంది. సవరించిన ఒప్పందం 2016 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం అక్కడి పన్నుకు ఇక్కడ క్రెడిట్ దొరుకుతుంది, అయితే ఆ ఆదాయం మీద ఇక్కడ పడే పన్నుకు మించి దొరకదు. ఫారం 67 ఆన్‌లైన్‌లో నింపి, విశ్వవిద్యాలయం ఇచ్చిన పన్ను కోత రసీదు జతచేయాలి. రసీదు కొరియా భాషలో ఉంటే తర్జుమా చేయించి పెట్టుకోండి. మారకపు విలువకు గూగుల్ చూపించే రేటు పనికిరాదు. పన్ను కోసిన నెలకు ముందు నెల ఆఖరి రోజున స్టేట్ బ్యాంకు టీటీ కొనుగోలు రేటు (విదేశాల నుంచి పంపిన డబ్బును బ్యాంకు కొనే రేటు) ఎంతో అదే వాడాలి. ఆదాయానికీ అలాంటి సూత్రమే, డబ్బు చెల్లవలసిన నెలకు ముందు నెల ఆఖరి రోజు.

జయనగర అక్కయ్య:

మా చెల్లెలు అమెరికాలో జె-1 వీసా మీద బడిలో చెబుతోంది. టీచర్లకు రెండు దేశాల పన్ను ఒప్పందంలోనే రెండేళ్ళు పన్ను లేదంటారు కదా? మరి మస్కట్ వారికీ, దుబాయ్ వారికీ ఆ సూత్రం పనికిరాదా?

మల్లేశ్వరం పద్దుల మనిషి:

అక్కయ్య గారూ, ఆ అధికరణం వెళ్ళిన దేశం పన్ను వేయకుండా కాపాడుతుంది. స్వదేశం పన్ను వేయకుండా కాపాడదు. అమెరికాతో మన ఒప్పందంలో 22వ అధికరణం, రెండేళ్ళకు మించని బోధన కోసం వెళ్ళినవారి వేతనానికి అమెరికాలో మినహాయింపునిస్తుంది. మూడో ఏడు కూడా ఉండాలనుకుంటే మొదటి రెండేళ్ళ మినహాయింపు సంగతి అక్కడి సలహాదారుతో ముందే తేల్చుకోమనండి. గల్ఫ్‌లో కాపాడవలసిన పన్నే లేదు.

సర్జాపుర లెక్కల టీచరు:

ఆలస్యానికి మన్నించండి, ఒప్పందం మా అత్తగారి ఊళ్ళో పెట్టెలో ఉండిపోయింది. ఇంగ్లీషులోనూ అరబిక్‌లోనూ పక్కపక్కనే రెండు వరుసలుగా ఉంది. జీతం పేరాలో, ప్రతి నెల జీతం ఆ నెల చివరి పనిదినాన చెల్లించాలని ఉంది. గ్రాట్యుటీ పేరాలో, సర్వీసు చివరి దినాన ఉద్యోగికి హక్కు ఏర్పడుతుందనీ, చెల్లింపు 14 రోజుల లోపల జరగాలనీ రెండు వేర్వేరు వాక్యాలున్నాయి. సెటిల్మెంటు కాగితం పైన "సర్వీసు ముగిసిన తేదీ 31-03-2025" అనీ, కింద ఓచరు తేదీ 11-04-2025 అనీ ఉంది. నేను ఇన్నాళ్ళూ కింది తేదీనే చూస్తూ కూర్చున్నాను.

రాజాజీనగర ఆడిటరు:

అలా రెండు వాక్యాలుగా ఉంటే నా మొదటి అభ్యంతరం వెనక్కు తీసుకుంటున్నాను. రెండోది మాత్రం అలాగే ఉంచుతాను. గ్రాట్యుటీ మార్చి 31 నాటికి లెక్కతేలి చెల్లవలసినదైందని బడి అకౌంట్స్ వారి నుంచి ఒక లేఖ తెప్పించుకుని పెట్టుకోండి.

ఒకవేళ పన్ను పరిధిలోకి వచ్చిందనే అనుకున్నా మొత్తం మీద పడదు. సెక్షన్ 10(10) మూడో ఖండంలో "యజమాని భారతీయుడై ఉండాలి" అన్న మాట నాకెక్కడా కనబడలేదు. పూర్తయిన ప్రతి సంవత్సరానికి అర నెల జీతం మినహాయింపు. జీతమంటే ఆఖరి నెలకు ముందు పది నెలల సగటు మూల వేతనం. మీకు అది ఏడాదికి 2,000, నాలుగేళ్ళకు 8,000 దిర్హములు. వచ్చిన 11,200లో 3,200 మాత్రమే మిగులుతుంది. లెక్క కోసం దిర్హమును 23 రూపాయలనుకుంటే 73,600. వారు ఏడాదికి 21 రోజులిస్తే మన చట్టం 15 రోజులకు ఒప్పుకుంటుంది, ఆ ఆరు రోజుల తేడాయే ఇది. అయిదేళ్ళు దాటాక అక్కడ 30 రోజులిస్తారు కాబట్టి ఆ ఏళ్ళకు సగం పన్నుకు మిగులుతుంది.

మల్లేశ్వరం పద్దుల మనిషి:

మేడమ్, ఇంత దూరం వచ్చాక, మొదటే అడగవలసిన ప్రశ్న ఇప్పుడు అడుగుతున్నందుకు నాకే సిగ్గుగా ఉంది. 2025-26లో మీకు ఇక్కడి జీతం, ఆ డబ్బు తప్ప వేరే ఆదాయం ఏమైనా ఉందా?

సర్జాపుర లెక్కల టీచరు:

లేదండీ. జూన్ నుంచి మార్చి దాకా పది నెలల జీతం 5,20,000. పొదుపు ఖాతా వడ్డీ ఏ వెయ్యి రూపాయలో ఉంటుంది.

మల్లేశ్వరం పద్దుల మనిషి:

అయితే అన్నిటికంటే కఠినమైన లెక్కే వేద్దాం. 5,20,000 మీద గ్రాట్యుటీలో మిగిలిన 73,600 కలుపుదాం. రాజాజీనగర వారి రెండో అభ్యంతరాన్ని గౌరవించి మార్చి జీతం 6,500 దిర్హములు, అంటే 1,49,500 కూడా కలుపుదాం. 7,43,100 అయింది. ప్రామాణిక తగ్గింపు 75,000 తీస్తే 6,68,100, వడ్డీ కలిపితే మరో వెయ్యి. కొత్త విధానంలో నివాసికి 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి పడే పన్ను సున్నా. మేమిద్దరం వారం రోజులుగా వాదించుకున్నది మీ విషయంలో ఒక్క రూపాయి కూడా మార్చదు.

అయినా రిటర్ను మాత్రం తప్పదు, అదీ ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 వేయాలి. సాధారణ నివాసి అయినందువల్ల 2025 క్యాలెండర్ సంవత్సరంలో తెరిచి ఉన్న దుబాయ్ ఖాతాను, మధ్యలో మూసేసినా సరే, విదేశీ ఆస్తుల షెడ్యూలులో చూపాలి. నల్లధనం చట్టం కింద ఈ షెడ్యూలు మరిచినవారికి 10 లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని ఆస్తులు మొత్తం 20 లక్షలు దాటకపోతే ఆ జరిమానా లేదన్నారు కానీ, చూపే బాధ్యత తీసేయలేదు. ఎన్‌ఆర్‌ఈ ఖాతా ఉంటే బ్యాంకుకు చెప్పి మామూలు ఖాతాగా మార్పించుకోండి.

పన్ను ఎలాగూ లేదు కాబట్టి గ్రాట్యుటీని చూపించి మినహాయింపు వాడుకోవడమా, పరిధిలోకే రాదని వదిలేయడమా అంటే, ఒక చిన్న విషయం గుర్తుంచుకోండి. 20 లక్షల పరిమితి ఉద్యోగ జీవితమంతటికీ ఒకటే. ఇప్పుడు 1,84,000 వాడుకుంటే రేపు ఇక్కడి బడిలో విరమించేటప్పుడు అంత తగ్గుతుంది. టీచరు జీతాలతో 20 లక్షలు ఎంతమందికి నిండుతాయన్నది వేరే సంగతి.

సర్జాపుర లెక్కల టీచరు:

ఇద్దరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నేను మొదట కలిసిన ఆడిటరు గారు 4,07,000 రూపాయల చిల్లర మొత్తాన్నీ పన్ను పట్టికలో వేసి, పైగా పాత విధానంలో లెక్కచేసి కాగితం ఇచ్చారు. అది పక్కన పెట్టాను.

ఇంకొక సందేహం, నాది కాదు. నాతో పనిచేసిన ఒకావిడ అక్కడే ఉన్నారు. 2026 మార్చి 31కి ఆమెకు అయిదేళ్ళు నిండాయి, ఒప్పందం ఇంకో ఏడాది పొడిగించారు. ఆమె జీతం నాకు రెండింతలు, ఇక్కడ ఇంటి అద్దెలు కూడా వస్తాయి. మధ్యలో మానేసి రావాలనుకుంటున్నారు. ఆమె ఎప్పుడు వస్తే మంచిది?

మల్లేశ్వరం పద్దుల మనిషి:

గత నాలుగేళ్ళలో ఇక్కడ గడిపిన రోజులు 365కు చేరకపోతే ఆమెకు 60 రోజుల పరీక్ష (ఏడాదిలో 60 రోజులు ఇక్కడ ఉన్నా నివాసి అయ్యే నిబంధన) వర్తించదు, 182 రోజులదే చూడాలి. అక్టోబరు 1న దిగితే మార్చి 31 దాకా సరిగ్గా 182 రోజులై నివాసి అయిపోతారు; 2న దిగితే 181. దిగిన రోజును లెక్కలో కలిపే ఉంచండి. ఏప్రిల్ తరువాత సెలవుకు వచ్చిన రోజులుంటే అన్ని రోజులు ఇంకా వెనక్కు జరగాలి, 45 రోజులు వచ్చి వెళ్ళినవారైతే నవంబరు 16 దాకా ఆగాలి. ఆమెకు ఒప్పందం మార్చి దాకా ఉంది కాబట్టి, ఆరో ఏడు పూర్తి చేసి వస్తే ఈ రోజుల లెక్కే అవసరం ఉండకపోవచ్చు.

సర్జాపుర లెక్కల టీచరు:

ఆమె ఈ జూలైలో 38 రోజులకు టికెట్టు తీసుకున్నారు. ఈ చర్చ మొత్తం ఆమెకు పంపాను. మా బడి అకౌంట్స్ వారి లేఖ కూడా నిన్న వచ్చింది. మార్చి 31 అని తేదీ స్పష్టంగా వేసి, ముద్ర కొట్టి పంపారు. రిటర్ను ఈ ఆదివారం వేస్తాను.